టూర్ ఆఫ్ ఒమాన్‌లో గ్రీన్ మౌంటెన్ రోజు ఒక్కటి చూస్తే చాలునా?

పటమట సైకిల్ (విజయవాడ)

సభ్యులందరికీ నమస్కారం. ఫ్రాన్స్, ఇటలీ పోటీల గురించి ఈ వేదికలో ఎంతో చర్చ జరిగింది కానీ, ఎడారి కొండల్లో రోజుల తరబడి సాగే రోడ్డు పోటీల గురించి ఎవరూ వివరంగా రాసినట్టు నాకు కనిపించలేదు. వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఏటా ఫిబ్రవరిలో జరిగే టూర్ ఆఫ్ ఒమాన్. 2010లో అది మొదలైనప్పుడు స్విట్జర్లాండ్‌కు చెందిన ఫాబియన్ కాన్సెల్లారా గెలిచాడు. తర్వాతి కాలంలో క్రిస్ ఫ్రూమ్ (2013, 2014), విన్సెంజో నిబాలి (2016), అలెక్సీ లుట్సెంకో (2018, 2019), ఆడమ్ యేట్స్ (2024, 2025) వంటి వారు, అన్ని రోజుల సమయం కలిపి చూస్తే ముందున్నవారికి ఇచ్చే ఎర్ర జెర్సీని చివరి రోజు దాకా నిలబెట్టుకున్నారు. 2020లో సుల్తాన్ ఖాబూస్ మరణించడం వల్లా, 2021లో కరోనా వల్లా పోటీ జరగలేదు.

నేను ఈ చర్చ ప్రారంభించడానికి రెండు కారణాలున్నాయి. మా ఆదివారపు సైకిల్ బృందంలో చాలామంది, గ్రీన్ మౌంటెన్ ఎక్కే రోజు ఒక్కటి చూస్తే పోటీ అంతా చూసినట్టేననీ, తక్కిన రోజుల్లో చూడదగినది ఏమీ ఉండదనీ అంటున్నారు. నాకు ఆ మాట సరికాదనిపిస్తుంది, అయితే దానికి తగిన ఆధారాలను పెద్దల నుంచి తెలుసుకోవాలని ఉంది. రెండోది, 2015లో ఎండ కారణంగా ఒక రోజు పోటీని మధ్యలోనే ఆపివేశారు. రోహిణీ కార్తెలో కూడా సైకిలు తొక్కే మన ప్రాంతం వారికి అది ఎలా కనిపిస్తుందో వినాలని ఉంది.

రూవీలో తెనాలి (మస్కట్)

నేను మస్కట్‌లోని రూవీ ప్రాంతంలో ఉద్యోగం చేస్తున్నాను. ఈ పోటీని రోడ్డు పక్కన నిలబడి చూసే అదృష్టం నాకు కలిగింది కనుక, ముందుగా ఆ కొండ ఎలా ఉంటుందో చెబుతాను.

గ్రీన్ మౌంటెన్ అని సైకిలు ప్రపంచం పిలిచేది జెబెల్ అఖ్దర్‌ను. అది ఒమాన్ ఉత్తర భాగంలో సముద్రానికి సమాంతరంగా సాగే హజర్ పర్వతశ్రేణిలో ఒక భాగం. కొండ అడుగున బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరు ఉంది. అక్కడ ఖర్జూరపు తోటల మధ్య నుంచి ఫలజ్ కాలువ ఇప్పటికీ పారుతుంది. ఆ కాలువతో సహా ఒమాన్‌లోని 5 ఫలజ్ వ్యవస్థలను యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ఊరు దాటి కొండ మొదలయ్యే చోట పోలీసు తనిఖీ కేంద్రం ఉంటుంది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే వాహనాలను తప్ప మామూలు కార్లను అక్కడి నుంచి పైకి పోనివ్వరు, ఎందుకంటే దిగేటప్పుడు బ్రేకులు పట్టు తప్పే ప్రమాదం ఉంటుంది. అలా పట్టు తప్పిన వాహనాలు ఎక్కి ఆగడానికి దారి పక్కన ఎదురు వాలు గల ప్రత్యేక మార్గాలు కూడా కట్టి ఉంచారు. మామూలు కార్లు వెళ్లకూడని ఆ దారినే సైకిలిస్టులు పందెంగా ఎక్కుతారు.

పోటీలో ఎక్కే దూరం 5.7 కిలోమీటర్లు, సగటు వాలు పదిన్నర శాతం. రోడ్డు విశాలంగానూ నున్నగానూ ఉంటుంది, మలుపులు తక్కువ. చూసేవారికి అది సులభమైన దారిలా కనిపిస్తుంది కానీ, తొక్కేవారికి అదే పెద్ద శిక్ష. మలుపు తిరిగితే వాలు కొంచెం తగ్గుతుందేమోనన్న ఆశ అక్కడ ఉండదు, ముందున్న దారి అంతా కళ్ల ఎదుటే నిలబడి ఉంటుంది. చెట్టు నీడ అసలే లేదు. గులాబీలు, దానిమ్మలు పండే మెట్ల పొలాలు ఉన్న మాట నిజమే కానీ, అవి ఇంకా చాలా ఎత్తున, సైఖ్ పీఠభూమి వైపు ఉన్నాయి. పోటీ అంత దూరం వెళ్లదు.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

తెనాలి వారి వర్ణన చాలా బాగుంది. ఉద్యోగ విరమణ దాకా భౌతికశాస్త్రం చెప్పినవాణ్ని కనుక ఆ కొండను లెక్కలో పెట్టి చూస్తాను.

5.7 కిలోమీటర్ల దారిని పదిన్నర శాతం వాలుతో గుణిస్తే ఎక్కవలసిన ఎత్తు సుమారు 600 మీటర్లు. 60 కిలోల మనిషి, సైకిలు, నీళ్లు, బట్టలు కలిపి 68 కిలోలనుకుందాం. ఆ బరువును 600 మీటర్లు ఎత్తడానికి దాదాపు 4 లక్షల జౌళ్ల శక్తి కావాలి. ఆ పని 20 నిమిషాల్లో జరగాలంటే గురుత్వాకర్షణతో పోరాడటానికే సెకనుకు 333 జౌళ్లు, అంటే 333 వాట్లు ఖర్చవుతాయి. గాలి నిరోధం, టైర్ల రాపిడి, గొలుసులో పోయే నష్టం కలుపుకుంటే 360 నుంచి 380 వాట్లు అవుతుంది. కిలో శరీర బరువుకు 6 వాట్ల పైమాట. క్రమం తప్పకుండా సాధన చేసే మామూలు సైకిలిస్టు ఇందులో సగాన్ని 20 నిమిషాలు నిలబెడితే సంతోషించాలి.

ఇక్కడ గమనించవలసిన విషయం మరొకటి ఉంది. 20 నిమిషాల్లో ఎక్కినా ఆ కొండ మీద వేగం గంటకు 17 కిలోమీటర్లే. ఆ వేగంలో గాలి నిరోధానికి పోయే శక్తి పదో వంతు కూడా ఉండదు కనుక, ముందున్నవాడి చాటున తొక్కితే కలిగే లాభం స్వల్పం. చదును నేల మీద గంటకు 45 కిలోమీటర్లతో పోతున్నప్పుడు పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది. అక్కడ శక్తిలో అత్యధిక భాగాన్ని గాలే తినేస్తుంది, కాబట్టి చాటు దొరికినవాడికీ దొరకనివాడికీ మధ్య తేడా చాలా పెద్దది. అందువల్ల కొండ మీద ఎవరి బలం వారిదే, చదునులో బలం కంటే ఎక్కడ ఉన్నావన్నదే ముఖ్యం. పటమట వారి మొదటి ప్రశ్నకు జవాబు ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉందని నా అభిప్రాయం.

కొత్తపేట అభిమాని (గుంటూరు)

మాస్టారి లెక్కలు చదివాక నా నమ్మకం ఇంకా బలపడింది. కొండ మీద ఎవరి బలం వారిదే అయినప్పుడు, పోటీ అక్కడే తేలుతుంది కదా. పాత ఫలితాలు చూడండి. 2011లో రాబర్ట్ గెసింక్ గ్రీన్ మౌంటెన్ గెలిచాడు, టూరూ గెలిచాడు. 2014లో ఫ్రూమ్, 2015లో రఫాయెల్ వాల్స్, 2016లో నిబాలి, 2017లో బెన్ హెర్మన్స్, 2022లో యాన్ హిర్ట్, 2024లో ఆడమ్ యేట్స్, వీరందరిదీ ఇదే కథ. కొండ మీద మొదట చేరినవాడే ఎర్ర జెర్సీ తీసుకుని ఇంటికి వెళ్లాడు. ఇన్నిసార్లు ఇలా జరిగిన తర్వాత కూడా తక్కిన రోజులకు అంతే ప్రాధాన్యం ఉందనడం నాకు సబబుగా తోచడం లేదు. ఉద్యోగం చేసుకునే మనిషికి రోజూ మధ్యాహ్నం పోటీ చూసే తీరిక ఉండదు. చూడవలసిన రోజు ఒక్కటే అయితే అది ఆ రోజే కావాలి.

కరకట్ట గాలి (తాడేపల్లి)

కొత్తపేట అభిమాని గారి జాబితా సరైనదే, నేను కాదనను. కానీ ఆ జాబితాలో లేని సంవత్సరాలను కూడా చూడాలని కోరుతున్నాను.

2012లో గ్రీన్ మౌంటెన్ గెలిచినవాడు నిబాలి, టూర్ గెలిచినవాడు స్లోవేకియాకు చెందిన పీటర్ వెలిట్స్. వారిద్దరి మధ్య తేడా ఎంతో తెలుసా? ఒకే ఒక్క సెకను. 2013లో కొండను హోకిమ్ రోద్రిగెజ్ గెలిచాడు, టూర్ మాత్రం ఫ్రూమ్‌ది. 2018లో కొండ మీద మిగెల్ ఆంహెల్ లోపెజ్ మొదట చేరాడు, టూర్‌ను లుట్సెంకో దక్కించుకున్నాడు. 2023లో చివరి రోజు గ్రీన్ మౌంటెన్ మీద మౌరి వాన్‌సెవెనాంట్ గెలిచాడు కానీ, మాటియో జోర్గెన్సన్ టూర్‌ను మళ్లీ ఒకే ఒక్క సెకను తేడాతో నిలబెట్టుకున్నాడు. రోజుల తరబడి, వందల కిలోమీటర్లు తొక్కిన తర్వాత ఇద్దరి మధ్య మిగిలింది ఒక్క సెకను. అది కొండ మీద పుట్టిన సెకను కాదు. కొండ గెలిచినవాడే టూర్ ఓడిపోయాడంటే, అతను అంతకుముందు ఎక్కడో కొన్ని సెకన్లు పోగొట్టుకున్నాడని అర్థం.

ఎలా పోతాయో చెబుతాను. ప్రతి రోజూ గీత దాటిన మొదటి ముగ్గురికి వరుసగా 10, 6, 4 సెకన్లు మొత్తం సమయంలోంచి తగ్గిస్తారు. దారి మధ్యలోని స్ప్రింట్లలో, అంటే చిన్న వేగ పందేలలో, 3, 2, 1 సెకన్లు దొరుకుతాయి. వీటినే బోనస్ సెకన్లు అంటారు. 2023లో జోర్గెన్సన్ మూడో రోజున జబల్ హాత్ ఎక్కుడు మీద గెలిచి ఆ 10 సెకన్లు సంపాదించి ఉండకపోతే, చివరి రోజు గ్రీన్ మౌంటెన్ మీద రెండో స్థానం అతన్ని కాపాడేది కాదు. కనుక గ్రీన్ మౌంటెన్ రోజున మనం చూసేది ముందు రోజుల్లో పోగుచేసుకున్నదాన్ని ఖర్చుపెట్టడమే. పోగుచేసిన తీరు చూడకుండా ఖర్చు మాత్రమే చూస్తే ఆట సగమే అర్థమవుతుంది.

ఇక గాలి సంగతి. ఎడారిలో రోడ్డుకు అడ్డంగా వీచే గాలి కొండ కంటే తక్కువ క్రూరమైనదేమీ కాదు. గాలి కుడివైపు నుంచి వీస్తున్నప్పుడు, ముందు తొక్కేవాడి సరిగ్గా వెనుక చాటు దొరకదు, కొంచెం ఎడమగా జరిగితేనే దొరుకుతుంది. అతని వెనుకవాడు ఇంకొంచెం ఎడమగా, ఇలా ఒక ఏటవాలు వరుస ఏర్పడుతుంది. రోడ్డు ఎడమ అంచు రాగానే ఆ వరుసలో చోటు అయిపోతుంది. పది, పదిహేను మందికి చాటు దొరికితే, తక్కినవారంతా ఎడమ అంచున ఒకరి వెనుక ఒకరు గాలికి ఎదురై తొక్కాలి. వారిలో ఒకడు అలసి ముందువాడి చక్రం వదిలాడంటే, అతని వెనుక ఉన్నవారంతా విడిపోతారు. అలా చీలిన గుంపు మళ్లీ కలవడం కష్టం. ప్రకాశం బ్యారేజీ మీదా, మా కరకట్ట మీదా నది వైపు నుంచి గాలి కొట్టే సాయంత్రాల్లో బృందంగా తొక్కిన ప్రతివారికీ ఇది చిన్న స్థాయిలో అనుభవమే.

పొరుగున ఉన్న యూఏఈ టూర్‌లో 2023లో జరిగినది దీనికి మంచి ఉదాహరణ. మొదటి రోజే గాలికి గుంపు చీలింది. రెమ్కో ఎవెనెపుల్ ముందు భాగంలో ఉన్నాడు. రెండో రోజు జట్ల సమయ పందెంలో అతని జట్టు గెలిచింది. ఆఖరి రోజు జెబెల్ హఫీత్ కొండ మీద ఆడమ్ యేట్స్ అతన్ని దాటి గెలిచాడు, అయినా మొత్తం పోటీ ఎవెనెపుల్‌దే అయింది. ఒక్క రోజు కూడా తాను మొదట గీత దాటకుండానే అతను ఆ టూర్ గెలిచాడు. జెబెల్ హఫీత్ రోజు మాత్రమే చూసినవారికి యేట్స్ ఎందుకు ఓడిపోయాడో తెలిసే అవకాశమే లేదు.

కొత్తపేట అభిమాని (గుంటూరు)

కరకట్ట అన్నగారూ, 2012, 2023 సంవత్సరాల సంగతి వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. ఒక్క సెకను అన్నది ఒప్పుకోవలసిన విషయమే. అయినా నాదొక సందేహం. యూఏఈలోని కొండలకూ గ్రీన్ మౌంటెన్‌కూ పోలిక సరిపోతుందా? జెబెల్ హఫీత్ దాదాపు 11 కిలోమీటర్ల పొడవున్నా వాలు 7 శాతానికి అటూ ఇటూ. జెబెల్ జైస్ సుమారు 20 కిలోమీటర్లు, కానీ వాలు 5 శాతానికి కొంచెం పైన. అటువంటి కొండల మీద మాస్టారు చెప్పిన చాటు లాభం ఇంకా మిగిలి ఉంటుంది కనుక జట్టు తోడు పనికొస్తుంది, తేడాలు తక్కువగా వస్తాయి. గ్రీన్ మౌంటెన్ నిటారు. అక్కడ జట్టు వల్ల ఉపయోగం లేదు.

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

మంచి పరిశీలన బాబూ. నిటారు ఎక్కుడులో మనుషులు త్వరగా విడిపోతారు, కానీ ఎక్కుడు పొట్టిది కనుక విడిపోయినా సెకన్లు భారీగా పెరగవు. సౌదీ అరేబియాలోని అల్‌ఉలా టూర్‌లో హర్రత్ ఉవైరిద్ ఎక్కుడు మూడు కిలోమీటర్ల లోపే ఉంటుంది, వాలు మాత్రం 12 శాతం దాకా వస్తుంది. నల్లటి అగ్నిశిలల పీఠభూమి మీదికి తీసుకెళ్లే దారి అది. అక్కడా ఇదే తీరు: మొదటి పదిమంది చెల్లాచెదురవుతారు, కానీ వారి మధ్య కాలం కొద్దిపాటిదే. అందుకే ఇటువంటి పోటీలలో బోనస్ సెకన్లకు అంత విలువ వస్తుంది. ఆల్ప్స్‌లో వరుసగా మూడు పెద్ద కొండలు ఎక్కించే రోజున బోనస్ సెకన్లను ఎవరూ అంతగా పట్టించుకోరు.

పటమట సైకిల్ (విజయవాడ)

మొదటి ప్రశ్నకు నాకు కావలసిన దానికంటే ఎక్కువే దొరికింది. రెండో ప్రశ్న మిగిలింది. 2015 ఫిబ్రవరిలో, అప్పటి ఆరు రోజుల పోటీలో ఐదో రోజున ఉదయం ఇసుక తుఫాను వచ్చి ప్రారంభాన్ని మార్చవలసి వచ్చింది. తర్వాత పోటీ మొదలైంది కానీ ఎండ 40 డిగ్రీల దగ్గరికి చేరింది. దిగుడులో కొందరి టైర్లు పేలిపోయాయి. సైకిలిస్టులు ఒక వంతెన కింద నీడలో ఆగిపోయారు. కాన్సెల్లారా, టామ్ బూనెన్ వంటి పెద్దవారు తోటివారి తరఫున నిర్వాహకులతో మాట్లాడారు. ఆ పోటీ నిర్వహణలో ఉన్న ఎడ్డీ మెర్క్స్‌తో వాదన కూడా జరిగింది. చివరికి ఆ రోజు పోటీ రద్దయింది, మరునాడు యథావిధిగా సాగింది. ఈ వార్త విన్న మా బృందంలోని ఒక పెద్దాయన, రెంటచింతల ఎండలో మిరప కోసే మనుషులున్న చోట 40 డిగ్రీలకు పోటీ ఆపడమేమిటని అన్నారు. ఆయన మాటను తేలికగా తీసిపారేయలేకపోయాను.

గవర్నర్‌పేట వైద్యురాలు (విజయవాడ)

ఆ పెద్దాయన మాటలో మన రైతుకూలీల పట్ల గౌరవం ఉంది, దాన్ని నేనూ పంచుకుంటాను. కానీ వైద్యపరంగా రెండు విషయాలు ఆ పోలికకు అడ్డు వస్తాయి.

మొదటిది, అలవాటు. శరీరం ఎండకు సర్దుకోవడానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఆ కాలంలో రక్తంలో ద్రవభాగం పెరుగుతుంది, చెమట త్వరగా మొదలవుతుంది, చెమటలో పోయే ఉప్పు తగ్గుతుంది. పల్నాడు మనిషికి మార్చి నుంచి మే దాకా ఆ సర్దుబాటు క్రమంగా జరుగుతుంది. ఒమాన్ పోటీకి వచ్చేవారిలో చాలామంది ఐరోపా చలికాలంలో సాధన చేసి నేరుగా విమానం దిగుతారు. పైగా ఫిబ్రవరిలో మస్కట్ పగటి వేడి సాధారణంగా 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది, కనుక ఆ స్థాయి ఎండను వారు ఊహించి కూడా ఉండరు.

రెండోది, శరీరం లోపల పుట్టే వేడి. మాస్టారు చెప్పిన 370 వాట్లు పెడలుకు చేరేది మాత్రమే. కండరం ఖర్చుపెట్టే శక్తిలో నాలుగో వంతు కూడా పనిగా మారదు, తక్కినదంతా వేడే. అంటే గ్రీన్ మౌంటెన్ ఎక్కుతున్న సైకిలిస్టు శరీరంలో 1,100 వాట్లకు పైగా వేడి పుడుతూ ఉంటుంది. ఇంట్లో ఒక ఇస్త్రీ పెట్టె ఆపకుండా వెలుగుతున్నట్టు అనుకోండి. అంత వేడిని చెమట ద్వారానే వదిలించుకోవాలంటే గంటకు సుమారు ఒకటిన్నర లీటరుకు పైగా చెమట ఆవిరి కావాలి. కారి నేల మీద పడిన చెమట లెక్కలోకి రాదు, చర్మం మీద ఆవిరైనదే చల్లబరుస్తుంది. ఆ కారణంగానే జట్ల సహాయకులు పలుచని మేజోళ్లలో మంచు ముక్కలు నింపి సైకిలిస్టుల మెడ వెనుక పెడతారు.

శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి మనిషి తికమకపడుతూ మాట్లాడుతుంటే అది వడదెబ్బ. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తే ముందే చల్లటి నీటిలో ముంచి వేడి తగ్గించాలి. ఆ కొన్ని నిమిషాల ఆలస్యమే ప్రాణం తీస్తుంది. తికమకపడుతున్న మనిషి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో కొండ దిగుతుంటే ఏమవుతుందో చెప్పనవసరం లేదు. మిరప చేలో మనిషికి కూడా మధ్యాహ్నం నీడా, నీళ్లూ, విరామం దొరకాలనే నేను అంటాను. ఒకరు బాధపడుతున్నారు గనుక ఇంకొకరూ పడాలన్న వాదన వైద్యంలో చెల్లదు.

కరకట్ట గాలి (తాడేపల్లి)

డాక్టరమ్మగారి మాటకు నా అనుభవం నుంచి ఒక సందేహం. విజయవాడలో 36 డిగ్రీలకే ఉక్కపోతతో తొక్కలేకపోతాం. పొడి ఎండ 40 అయినా కొంత తట్టుకోవచ్చనిపిస్తుంది. ఇది నిజమేనా, లేక భ్రమా?

బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

నిజమే. దాన్ని లెక్కలో చూపడానికే తడిగోళ ఉష్ణోగ్రత సూచిక అనేదొకటి ఉంది. తడిబట్ట చుట్టిన థర్మామీటరు చూపే విలువలో 70 శాతం, ఎండలో పెట్టిన నల్లని గోళం విలువలో 20 శాతం, మామూలు గాలి ఉష్ణోగ్రతలో 10 శాతం కలిపితే వచ్చే అంకె అది. గాలి 40 డిగ్రీలు, తేమ 15 శాతం ఉన్న ఎడారిలో తడి థర్మామీటరు 21 దగ్గర ఉంటుంది. నల్లగోళం 55 అనుకుంటే సూచిక దాదాపు 30 వస్తుంది. మన విజయవాడలో 36 డిగ్రీలకు 60 శాతం తేమ ఉంటే తడి థర్మామీటరు 29కి చేరుతుంది. నల్లగోళాన్ని 50గా తీసుకున్నా సూచిక 34కు దగ్గరవుతుంది. కనుక మీ శరీరం చెప్పిన మాట సరైనదే. అయితే 30 కూడా ప్రమాదకరమే. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2024 నుంచి అమలు చేస్తున్న అధిక ఉష్ణోగ్రత నియమావళిలో 28 దాటితే ఎర్ర గుర్తు. అప్పుడు ప్రారంభ సమయం మార్చడం, కొంత దారిని పందెం లేకుండా నడిపించడం, అవసరమైతే రద్దు చేయడం గురించి నిర్వాహకులు, వైద్యులు, సైకిలిస్టుల ప్రతినిధులు కూర్చుని నిర్ణయించాలి. 2015లో ఇటువంటి నియమమేదీ లేదు. విపరీత వాతావరణ నియమావళి వచ్చింది కూడా 2016లోనే.

టైర్ల సంగతి కూడా చెబుతాను. 80 కిలోల బరువు 100 మీటర్ల ఎత్తు దిగితే 78 వేల జౌళ్ల శక్తి విడుదలవుతుంది. కొంత గాలిలో పోతుంది, బ్రేకు పట్టి దిగితే చాలా భాగం బ్రేకులోకే వెళుతుంది. అప్పట్లో బ్రేకు రబ్బరు నేరుగా రిమ్మును పట్టుకునేది, అంటే ఆ వేడి అంతా టైరును ఆనుకున్న లోహంలోకో కార్బన్‌లోకో చేరేది. నీడలో 40 డిగ్రీల వద్ద 115 పీఎస్‌ఐ గాలి నింపిన టైరు, రిమ్ము 100 డిగ్రీలకు వేడెక్కితే 140 పీఎస్‌ఐకి చేరుతుంది. పైగా టైరును రిమ్ముకు అంటించే జిగురు వేడికి మెత్తబడుతుంది. మామూలు రోజున రిమ్ము గాలికి చల్లబడుతుంది. ఆ రోజు గాలే వేడిగా ఉంది, రోడ్డు అంతకంటే వేడిగా ఉంది. ఇప్పుడు డిస్కు బ్రేకులు వచ్చాక ఆ వేడి చక్రం మధ్యలోని పళ్లేనికి పోతుంది కనుక ఆ ప్రమాదం చాలావరకు తగ్గింది. నా దృష్టిలో 2015లో పోటీ ఆపడానికి ఎండ ఒక్కటే చాలకపోయినా, దిగుడులో టైర్లు పేలడం చాలు. అలసిన కాళ్లకు తోటివాడు సాయపడగలడు, పేలిన ముందు చక్రానికి ఎవరూ సాయపడలేరు.

రూవీలో తెనాలి (మస్కట్)

అప్పటికి నేను ఇక్కడికి రాలేదు, కానీ ఆ రోజు చూసిన మలయాళీ మిత్రులు చెప్పేది వేరు. గంటల తరబడి ఎండలో నిలబడిన కూలీలు, వారి పిల్లలు, పోటీ రాదని తెలిసి నిరాశగా వెనుదిరిగారట. నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఈ పోటీని రోడ్డు పక్కన చూసేవారిలో మన దేశం వారే ఎక్కువమంది కనిపిస్తారు, సెలవు పెట్టి వస్తారు. వారికి సమాచారం ముందుగా అందించే ఏర్పాటు కూడా నియమాల్లో ఉండాలని నా కోరిక.

నరసరావుపేట పీఈటీ

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. ఒక ప్రభుత్వ పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా పిల్లలకు కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద ఒక చిన్న ఎక్కుడు పందెం, మరునాడు కొండవీడు వైపు ఇంకొకటి పెట్టి, రెండు రోజుల కాలాన్ని కలిపి విజేతను ప్రకటించాలని ఆలోచన ఉంది. పెద్దలు చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైనది, బోనస్ సెకన్లు పెడితే రెండో రోజు దాకా పిల్లలకు ఆశ మిగులుతుందని. దిగుడు విషయంలో మాత్రం భయంగా ఉంది. మా పిల్లలవి మామూలు సైకిళ్లు, బ్రేకు రబ్బర్లు అరిగినవి.

కరకట్ట గాలి (తాడేపల్లి)

టీచరుగారూ, కొండ మీదే ముగించండి, దిగుడులో పందెం అసలు వద్దు. దిగేటప్పుడు సైకిళ్లను ట్రాలీ ఆటోలో ఎక్కించి, పిల్లలను బస్సులో దించండి. కాలాన్ని ఒక్కొక్కరికి విడివిడిగా నిమిషం తేడాతో వదిలి కొలిస్తే గుంపు తోపులాట ఉండదు. ఎక్కుడులో చాటు లాభం తక్కువ కనుక ఎవరికీ అన్యాయం జరగదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం పెట్టండి. మా బృందం నుంచి గడియారాలు పట్టుకోవడానికీ, పందెం ముందురోజు ప్రతి సైకిలుకూ బ్రేకు రబ్బర్లు మార్చడానికీ మనుషులం వస్తాం, రబ్బర్ల ఖర్చు మేము పెట్టుకుంటాం.

గవర్నర్‌పేట వైద్యురాలు (విజయవాడ)

నేనూ వస్తాను. ఒక పెద్ద ప్లాస్టిక్ తొట్టి, నీళ్లు, రెండు మూడు బస్తాల ఐసు ముగింపు దగ్గర సిద్ధంగా ఉంచండి. చలికాలమైనా సరే, అవి లేకుండా మొదలుపెట్టవద్దు. ఆస్తమా, గుండె సమస్య ఉన్న పిల్లల వివరాలు తల్లిదండ్రుల నుంచి ముందే రాయించి తీసుకోండి.

పటమట సైకిల్ (విజయవాడ)

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఫిబ్రవరిలో ఐదు రోజులూ చూడాలనుకునే వారి కోసం, రోజువారీ బోనస్ సెకన్లు, మొత్తం సమయాల పట్టికను ఇదే చర్చలో నేను రాస్తూ ఉంటాను. కొత్తపేట అభిమాని గారికి గ్రీన్ మౌంటెన్ రోజు ఒక్కటే తీరిక దొరికినా, అప్పటికి ఎవరి దగ్గర ఎన్ని సెకన్లు నిల్వ ఉన్నాయో ఆ పట్టికలో చూసుకుని పోటీ ముందు కూర్చోవచ్చు. నరసరావుపేట టీచరుగారి పందెం ఏర్పాట్లకు విడిగా ఒక చర్చ తెరుస్తున్నాను, వచ్చేవారు అక్కడ పేర్లు ఇవ్వగలరు.